యుద్ధనిరసనము - సైనికుల మనోధైర్యము

భారతకథ నెఱిగినవారికి శల్యసారథ్యమన నేమో వేఱుగ చెప్పనక్కఱలేదు. పగ్గములు చేతబట్టి, తాను నడపుచున్న రథముపైని వీరునే అడుగడుగునకు తూలనాడి, వాని తేజోవధ చేసిన సారథి శల్యుడు. యుద్ధము వలదని పలికిన పౌరులపై దేశదేశములందును ప్రభుత్వములు మోపెడు నింద ఇదియే. అచ్చట మన బిడ్డలు ప్రాణములొడ్డి పోరుచుండగా, ఇచ్చట మీరు సభలు చేసి, కరపత్రములు పంచి, వారి గుండెలు నీరు చేయుచున్నారని అందురు. ఈ నింద సామాన్యమైనది కాదు. దీని నాధారము చేసికొని పత్రికలు మూయించిరి. ఉపాధ్యాయులను కొలువులనుండి తొలగించిరి. భార్య భర్తకు వ్రాసిన ఉత్తరములను సయితము విప్పి చదివిరి. కావున దీని నిజానిజములు విచారించుట రాజకీయవేత్తలకే కాక గృహస్థులకును పనికివచ్చునని మా తలంపు.

ఊహలతో వాదించినచో ఇరుపక్షములవారును గెలువవచ్చును. అందుచేత మేము ఒక్క సంఘటనను గైకొని నిదానముగ పరిశీలింపదలచితిమి. అది 1917లో ఫ్రెంచి సేనయందు పుట్టిన ఆజ్ఞాధిక్కారము.

మొదటి ప్రపంచయుద్ధము అప్పటికి మూడవయేట నడచుచుండెను. 1916లో వెర్దాన్ కడను, సోమ్ నదీతీరమునను లక్షలకొలది జనులు కూలినను సరిహద్దు కొలదిమైళ్లకు మించి జరుగలేదు. ఆ డిసెంబరులో సర్వసేనాధిపత్యము జాఫర్ చేతినుండి జనరల్ నివెల్ చేతికి వచ్చెను. ఇతడు మాటకారి. నలువదియెనిమిది గంటలలో జర్మనుల వ్యూహమును ఛేదించెదననియు, లేనిచో దాడిని అంతటితో ఆపివేసెదననియు మంత్రులకు మాట యిచ్చెను. ఎన్నుకొన్న స్థలము ఏన్ నదికి ఉత్తరముననున్న గుట్టలవరుస. పదునైదవ లూయీ రాజు కూతుండ్రు ప్రయాణము చేసిన బాట యగుటచే దానికి షెమాన్ దే దామ్, అనగా దొరసానుల బాట, యని పేరు వచ్చినది. 1917 ఏప్రిలు 16వ తేదీ వేకువను మంచులోను చలిలోను దాడి మొదలయ్యెను. గుట్టలలోని పాతరాతిగనులలో దాగియున్న జర్మను మరఫిరంగులకు ఫ్రెంచి తుపాకీల దెబ్బ తగులలేదు. పదిదినములలో సుమారు 30,000 మంది ఫ్రెంచి సైనికులు మరణించిరి. వ్యూహము ఛేదింపబడలేదు. దాడియును ఆగలేదు. ఇచ్చిన మాటలో రెండు భాగములును తప్పినవన్నమాట. ఓటమికంటె ఈ రెండవదియే సైనికుని మనస్సును విఱిచినదని మేము నమ్ముచున్నాము.

మే మాసారంభమునుండి ఒక్కొక్క దళమే ముందునకు నడువననెను. మే నెల చివరను, జూన్ మొదటి వారములోను ఇది మిక్కిలి ప్రబలెను. ఫ్రెంచి సేనలో ఇంచుమించు సగము డివిజనులకు ఏదో యొక రూపమున సోకెను. తిరుగుబాటనగానే పై అధికారులను చంపి, కందకములు విడిచి, శత్రువును చేరుట యని తలంపరాదు. అధికారులపై చేయిచేసికొనుట మిక్కిలి అరుదు. కందకములలో నున్నవారు కందకములను విడువలేదు. వెనుక విశ్రాంతిలోనున్న దళములు మరల దాడికి పొమ్మన్నప్పుడు పోమనిరి. శత్రువు వచ్చినచో ఆపెదము, వ్యర్థమైన దాడికి మాత్రము రామని వారిలో పెక్కుమంది మాట. కసాయివానికడకు తోలుకొనిపోవు గొఱ్ఱెలవలె అఱచుచు నడచిన దళములును కలవు. కొందఱు ఎఱ్ఱజెండాలెత్తిరి. కొందఱు పారిసునకు పోయి శాసనసభ్యులకే మొఱపెట్టుకొందుమనిరి. ఈ చివరివారిని మా చదువరులు గమనింపవలెను. ప్రజాప్రతినిధికి తన కష్టము చెప్పుకొనవచ్చునని తలచిన సైనికుడు తాను పౌరుడనని మఱచినవాడు కాడు.

వారి కోరికల పట్టికను చూచినచో దొడ్డమాటల ప్రక్కనే మనయింటి మాటలు కనబడును. సెలవులు రావలసిన కాలమునకు రాలేదు. కూడు చెడినది. విశ్రాంతిస్థలములు పశువులకొట్టములకంటె మేలుగా లేవు. ఇంటికడ ఆలుబిడ్డలు ధరలకు తట్టుకొనలేక యున్నారు. వీనితోపాటు శాంతి కావలెనను మాటయు నుండెను.

మఱి నేరమెవ్వరిది? సేనాపతుల సమాధానము సిద్ధముగ నుండెను: శాంతివాదులది. నివెల్ దాడికి ముందే, 1917 ఫిబ్రవరిలో, కరపత్రములు సైనికులకు చేరుచున్నవనియు, దేశాంతరంగిక మంత్రి మాల్వీ చూచియు ఊరకున్నాడనియు ప్రభుత్వమునకు ఫిర్యాదు చేసియుండెను. మే 15వ తేదీన నివెల్ స్థానమునకు వచ్చిన పెతాన్ కూడ ఇంచుమించు ఆ మాటయే పలికెను. కరపత్రములు కల్ల కావు. ల బొనే రూజ్ అను పారిసు పత్రికకు జర్మను ధనము ముట్టినదనుట కూడ నిజమే.

అయినను తేదీలను ఒకదానిప్రక్క నొకటి పెట్టి చూతము. ఫిబ్రవరిలో కరపత్రములున్నవి, తిరుగుబాటు లేదు. ఏప్రిలు 16న అవే కరపత్రములు చేరిన సైనికులు గుట్టలెక్కి మరణించిరి. దాడి విఫలమైన పిదపనే ధిక్కారము పుట్టెను. స్థలమును చూచినను ఇంతే. రైలు దేశమంతట తిరిగినది, కరపత్రమును దానితో తిరిగినది. కాని ధిక్కారము మిక్కుటముగ ప్రబలినది షెమాన్ దే దామ్ దాడిలో పాల్గొన్న, పాల్గొనబోవు దళములలో. గీ పెద్రోన్సీని అను చరిత్రకారుడు సైనికన్యాయస్థానముల దస్తరములను పరిశోధించి 1967లో ప్రకటించిన గ్రంథమున తేల్చినది ముఖ్యముగ నిదియే: సైనికులు కాదన్నది దేశరక్షణను కాదు, ఆ యుద్ధము నడపిన తీరును.

చికిత్సను బట్టి రోగమును గుర్తించుట వైద్యుల పద్ధతి. పెతాన్ చేసిన చికిత్స రెండు విధములు. దండనమున్నది. సుమారు 3,400 మందికి శిక్షలు పడెను. అందు 554 మరణశిక్షలు. అమలు జరిగినవి సుమారు 49 అని పెద్రోన్సీని లెక్క, ఇటీవలివారు అంతకు తక్కువ చెప్పుదురు. రెండవది ఉపశమనము. నాలుగునెలల కొకసారి ఏడుదినముల సెలవు తప్పక యిప్పించెను. వంటశాలలు బాగుచేయించెను. రైలుస్టేషనులలో సెలవుపై పోవువారికి తిండియు పడకయు ఏర్పరచెను. దళములను తానే దర్శించి మాట్లాడెను. అన్నిటికిని మించి, గొప్ప దాడులు మానివేసెను. జూన్ ముగియునప్పటికి ధిక్కారము చాలవఱకు చల్లాఱెను. అక్టోబరు 23న అదే గుట్టలవరుసపై లా మాల్‌మేజాన్ కడ, బాగుగ సిద్ధపఱచిన చిన్నదాడిలో, అదే సేన గెలిచెను.

సేనలో శాంతి నెలకొన్నది శాంతివాదుల నణచుటచేతనే గదా యని యెవరైన నడుగవచ్చును. మరల తేదీలే బదులు చెప్పును. మాల్వీ పదవి వీడినది ఆగస్టు 31న. శాంతివాదులపై ఉక్కుపాదము మోపిన క్లెమెన్సో ప్రధాని యైనది నవంబరు 16న. రోగి లేచి నడచిన పిదప ఇచ్చిన మందునకు స్వస్థత నంటగట్టుట న్యాయము కాదు.

ఇంతమాత్రముచే ఇంటిమాట కందకమునకు చేరదని చెప్పజాలము. అట్లు చెప్పినచో మేమును పక్షపాతులమే యగుదుము. 1917 మే 11న పారిసు కుట్టుపని స్త్రీలు సమ్మెకు దిగిరి. కఱవుభత్యము కావలెననియు, శనివారము మధ్యాహ్నము జీతముతో సెలవు కావలెననియు వారి కోరిక. సూదిదారములు చేతబట్టు పడుచులు వీథులవెంట గుంపులుగ నడచిరి. ఇతర పనులలోని స్త్రీలును కలిసిరి. జూన్ 11న చట్టము చేసి ఆ సెలవు నిచ్చిరి. ఈ వార్త కందకములకు చేరునప్పటికి రూపు మాఱినది. ఇండోచైనానుండి తెచ్చిన అనామీయ సైనికులు పారిసు వీథులలో మన స్త్రీలపై తుపాకులు కాల్చుచున్నారను వదంతి దళమునుండి దళమునకు ప్రాకెను. అట్టిది జరుగలేదు. కాని తన భార్య అపాయములో నున్నదని నమ్మినవాడు తుపాకి యెట్టివైపు త్రిప్పునో యెవరు చెప్పగలరు? దీనికి తోడు మార్చిలో రష్యాలో జారు పడిపోయెను. స్టాక్‌హోంలో అన్నిదేశముల సోషలిస్టులు శాంతిసభ చేయుదురను ఆశ పుట్టెను. జూన్ 1న ఫ్రెంచి ప్రభుత్వము ఆ సభకు పోవువారికి అనుమతి నిరాకరించెను. ధిక్కరించిన సైనికుల నోట వీనియన్నింటి ప్రతిధ్వనులు వినబడినవి. 2010లో ఆంద్రే లోయె వ్రాసిన గ్రంథము ఈ వైపునే నొక్కిచెప్పును: వారిలో పెక్కుమందికి కావలసినది మేలైన యుద్ధము కాదు, యుద్ధాంతమే యని.

పెద్రోన్సీని, లోయెల మాటలు మేము చూచినంతలో ఒకదానినొకటి కొట్టివేయవు. కడుపులోని మంటను ఇంటినుండి వచ్చిన మాట పుట్టింపలేదు. ఆ మంటకు భాష నిచ్చినది. ఒక్కొక్క కందకములో ఒక్కొక్కనికి కలిగిన వెగటు, శాంతి యను మాట దొరకినప్పుడు పదిమంది కలిసి పలుకదగిన కోరిక యయ్యెను. కర్ణుని రథచక్రమును భూమిలోనికి క్రుంగజేసినది శల్యుని నాలుక కాదు గదా.

జర్మనీ కథ ఇంతకంటె విషాదకరము. 1918 జనవరిలో బెర్లినులో లక్షలమంది కార్మికులు శాంతిని, అన్నమును కోరి సమ్మె కట్టిరి. అధికారులు సమ్మెదారులలో వేలమందిని శిక్షగా సైన్యములో చేర్చి యుద్ధరంగమునకు పంపిరి. నిరసనమును కందకములకు మోసికొనిపోయినది ఎవరో చదువరులే గ్రహింతురు గాక! ఆ యేటి సెప్టెంబరు 29న, సేన యింక నిలువజాలదు, వెంటనే సంధి కోరవలెనని ప్రభుత్వమునకు చెప్పినవాడు సేనాని లూడెండార్ఫే. కీల్ నావికులు తిరుగబడినది నెలదాటిన తరువాత. అట్లుండియు 1919 నవంబరు 18న విచారణసంఘము నెదుట హిండెన్‌బర్గ్, జర్మను సేనను వెనుకనుండి పొడిచిరని సాక్ష్యమిచ్చెను. ఈ కల్ల తరువాత యూదులపైనను సోషలిస్టులపైనను నాజీలకు ఆయుధమై యెంత రక్తము త్రావెనో లోకమెఱుగును.

వియత్నాములో అమెరికా చేసిన యుద్ధమునందు ప్రశ్నయే తలక్రిందులైనది. 1971 జూన్‌లో విశ్రాంత కర్నల్ రాబర్ట్ హైనెల్, తమ సేన కూలిపోవుస్థితిలో నున్నదని బహిరంగముగ వ్రాసెను. కాని అప్పటికి నిరసనము బయటివారి సొత్తుగ మిగులలేదు. సైనికులే రహస్యపత్రికలు నడపుచుండిరి; యుద్ధమునుండి తిరిగివచ్చినవారు ఏప్రిలు 23న తమ పతకములను వాషింగ్టనులో శాసనసభామందిరపు మెట్లపై విసరివేసిరి. ఆ పతకములను సంపాదించినవారినే పిఱికివారనుట అంత సులభము కాదు.

ఇక ఈ నింద ఎవరి తలపై పడునో ఒక్కరి కథతో చెప్పుదుము. ఎలేన్ బ్రియాన్ అను నామె పారిసు చేరువనున్న పాంతాన్‌లో పసిపిల్లల బడి పంతులమ్మ, ఉపాధ్యాయసంఘమునకు కార్యదర్శిని, స్త్రీల హక్కులకై పనిచేసినది. శాంతికరపత్రములు పంచినదని 1917 నవంబరులో ఆమెను నిర్బంధించి, 1918 మార్చిలో సైనికన్యాయస్థానమున నిలిపిరి. నాకు రాజకీయహక్కులే లేవని చట్టము చెప్పుచుండగా రాజకీయనేరము నాపై నెట్లు మోపుదురని యామె న్యాయాధిపతుల నడిగెను. మూడేండ్ల ఖైదు విధించి, దాని అమలును నిలిపివేసిరి. కొలువు మాత్రము పోయెను. అదే యేడు ఆగస్టులో మాల్వీకి అయిదేండ్ల దేశబహిష్కారము విధించిరి. అతడు 1924లో శాసనసభకు ఎన్నికై, 1926లో కొలదికాలము మరల మంత్రియు నయ్యెను. నివెల్‌ను ఉత్తరాఫ్రికాలోని సేనకు అధిపతిగ పంపిరి. పంతులమ్మను బడిలోనికి మరల రానిచ్చినది 1925లో.