కొసన పలచని బెరడు

2006 సెప్టెంబరు. ఉత్తర కాలిఫోర్నియాలో రెడ్‌వుడ్ నేషనల్ పార్కు. తలెత్తి చూస్తే కొస కానరాని ఒక మాను.

ఆగస్టు 25న క్రిస్ అట్కిన్స్, మైకేల్ టేలర్ దాన్ని కనుక్కున్నారు. ప్రపంచంలోకెల్లా ఎత్తయిన చెట్టు ఇదేననిపించింది. అనిపిస్తే చాలదుగా! ఎవరో ఒకరు కొసకెక్కి టేపు వదలాలి. ఆ పని హంబోల్ట్ స్టేట్ యూనివర్సిటీ వృక్షశాస్త్రవేత్త స్టీఫెన్ సిల్లెట్‌ది.

ఇనుప ముళ్ల బూట్లేసుకుంటే పని తేలికే. కలప నరికేవాళ్లు అలాగే ఎక్కుతారు. ఎలాగూ కూలే చెట్టుకు ఎన్ని పోట్లు పడితేనేం? బతకాల్సిన చెట్టుకు ఆ లెక్క కుదరదు. అందుకే సిల్లెట్‌ది వేరే తీరు. విల్లుతో బాణం వదులుతారు, దానికి చేపల గాలానికి కట్టే సన్నదారం. దారం కొమ్మ దాటి అవతల దిగాక, దానికి పురికొస, పురికొసకు అసలు తాడు కట్టి లాగుతారు.

అసలు ముప్పు మొదలయ్యేది ఆ తాడు కొమ్మను తాకాకే.

మాను మొదలు దగ్గర రెడ్‌వుడ్ బెరడు అడుగు మందం దాకా ఉంటుంది, కార్చిచ్చుకే జంకదు. పైకి పోయేకొద్దీ పలచబడుతుంది. దాని కిందే సన్నని జీవపొర. మాను లావెక్కేది దానివల్లే. ఆకులు వండిన ఆహారం వేళ్లకు దిగే దారీ దాన్ని ఆనుకునే ఉంటుంది. మనిషి బరువు మోస్తూ తాడు ఒకేచోట అటూ ఇటూ జారిందంటే రంపమే. మన తాటిచెట్టుకు ఈ బెడద లేదు. గీత కార్మికుడి మోకు ఏళ్లకేళ్లు ఒరుసుకున్నా తట్టుకుంటుంది, ఎందుకంటే దానికి బెరడు కింద అలాంటి పొరే ఉండదు, ఆహారం నడిచే దారులు మానంతా చెదిరి ఉంటాయి.

కాబట్టి ఇలా చెట్లెక్కేవాళ్లు కొమ్మకూ తాడుకూ నడుమ తోలు గొట్టం తొడుగుతారు. తాడు తోలు లోపల జారుతుంది, తోలు మాత్రం కొమ్మ మీంచి కదలదు. అంతకన్నా ముచ్చటైంది ఇంకోటుంది: కొమ్మ మీంచి వేసే ఒక పట్టీ, ఒక చివర పెద్ద రింగు, మరో చివర చిన్న రింగు, రెండింటిలోంచీ తాడు. పని ముగించి దిగాక తాడు లాగితే, దాని చివరనున్న ముడి పెద్ద రింగులోంచి దూరిపోయి చిన్నదాంట్లో ఇరుక్కుంటుంది. పట్టీ ఊడి కిందికొచ్చేస్తుంది, మళ్లీ ఎక్కే పనిలేదు. ఎవరి బుర్రో గానీ, మెచ్చుకోవాల్సిందే.

బరువైన కొమ్మలు కోసి దింపేవాళ్లకు ఇంకా జాగ్రత్త కావాలి. పంగలోంచి నేరుగా తాడు వదిలితే బెరడు కమిలిపోతుంది. వసంతంలో, రసం పొంగే రోజుల్లో, తేలిగ్గా ఊడొస్తుంది కూడా. అందుకని కప్పీని వేరే పట్టీతో మానుకు బిగించి తాడును అందులోంచి నడుపుతారు. ఇవాళ్టి గాయం ఇవాళ కనబడదు. ఏళ్ల తర్వాత బూజు పట్టి, పుచ్చుగా బయటపడుతుంది.

మళ్లీ ఆ రెడ్‌వుడ్ దగ్గరికొస్తే, సిల్లెట్ కొస నుంచి టేపు వదిలారు. 115.55 మీటర్లు! దానికి హైపెరియన్ అని పేరు. చిటారున అప్పటికే వడ్రంగిపిట్టలు పొడిచిన గాయాలున్నాయి.

చోటు రహస్యంగానే ఉంచారు. అయినా జనం పసిగట్టారు. తాడుతో కాదు, కాళ్లతోనే ముప్పు తెచ్చారు. చెట్టు మొదలు దగ్గర ఫెర్న్ మొక్కలు మొలవకుండా తొక్కేశారు. 2022లో పార్కు అధికారులు ఆ దరిదాపులకు రాకూడదన్నారు. వస్తే 5,000 డాలర్ల దాకా జరిమానా, 6 నెలల దాకా జైలు.