నీడతో భయపెట్టిన దర్శకుడు

జర్మనీలోని బీలెఫెల్డ్ పట్టణమున 1888లో జన్మించిన ముర్నౌ, మొదటి ప్రపంచ యుద్ధమున వైమానికుడుగా పనిచేసి, పిమ్మట చలనచిత్ర రంగమున ప్రవేశించెను. 1922లో ఆయన దర్శకత్వమున వెలువడిన ‘నోస్ఫెరాటు’ మూకీ చిత్రము. రక్తపిశాచము మెట్లెక్కుచుండగా గోడపై ప్రాకు దాని నీడయే ప్రేక్షకులకు భయము గొలుపును.

అనుమతి లేకయే ‘డ్రాక్యులా’ నవలను అనుసరించిరని కీర్తిశేషుడైన రచయిత బ్రామ్ స్టోకరు భార్య వ్యాజ్యము వేయగా, ప్రతులన్నింటిని నాశనము చేయవలెనని 1925లో జర్మను న్యాయస్థానము తీర్పు చెప్పెను. అయినను కొన్ని ప్రతులు దక్కినవి.

హాలీవుడ్డున 1927లో ‘సన్‌రైజ్’ తీసిన ముర్నౌ, 1931లో కాలిఫోర్నియాలో మోటారు ప్రమాదమున మరణించెను. అప్పటికాయనకు నలువది రెండేండ్లే. రచయిత హక్కు న్యాయమైనదే. కాని ఆ తీర్పు పూర్తిగా అమలు జరిగియున్నచో, లోకము ఒక కళాఖండమును కోల్పోయియుండెడిది.