పోరుమామిళ్ల శాసనము చెప్పిన షడ్దోషములు

వైదిక సంప్రదాయమున పుణ్యకర్మలు ఇష్టము, పూర్తము అని ద్వివిధములు. యజ్ఞాదికము ఇష్టము. చెరువు త్రవ్వించుట, బావి కట్టించుట, వనము నాటించుట, అన్నదానము చేయుట పూర్తము. పూర్తకర్మ యొక్క ఫలమును కర్త ఎరుగని వారు, ఇంకను పుట్టని వారు సైతము అనుభవింతురు. అందుచేతనే పెద్దలు తటాకమును సప్తసంతానములలో చేర్చి, పుత్రునితో సమానముగా గణించిరి.

ఈ భావన తెలుగునేలపై ధర్మశాస్త్ర గ్రంథములకే పరిమితము కాలేదు, రాజ్యపాలనకును సూత్రమైనది. కడప ప్రాంతమునందలి పోరుమామిళ్ల తటాకశాసనము అందులకు నిదర్శనము. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కుమారుడు, భవదూరుడను నామాంతరము గల భాస్కరుడు, ఉదయగిరి రాజ్యమును పాలించుచు అచట ఒక మహాతటాకమును నిర్మింపజేసెను. శాలివాహన శకము 1291, అనగా క్రీ.శ. 1369 నాటి ఆ సంస్కృత శాసనము ప్రకారము ప్రతిదినము 1000 మంది కూలీలు, రాతిమోతకు 100 బండ్లు పనిచేయగా, నిర్మాణమునకు రెండు సంవత్సరములు పట్టినది.

శాసనము రాజకీర్తితో ఆగిపోలేదు. ఉత్తమ తటాకమునకు ద్వాదశాంగములు కావలెనని అది నిరూపించినది. ధర్మపరుడైన రాజు, జలశాస్త్రము నెరిగిన బ్రాహ్మణుడు, గట్టి బంకనేల, తీయని నీటిని తెచ్చు నది, ఇరువైపుల కొండ, ఆ కొండల నడుమ మిక్కిలి పొడవు కాని దృఢమైన రాతికట్ట, విశాలమై లోతైన గర్భము, సమీపమున రాతిగని, చదునై సారవంతమైన పొలములు, నిర్మాణకుశలురైన పనివారు మొదలైనవి ఆ అంగములు. ఇచట గమనింపదగిన విషయమొకటి కలదు. పన్నెండు అంగములలో రాజు ఒక అంగము మాత్రమే. మిగిలిన వానిలో అధికభాగము ప్రకృతిదత్తము. అవి రాజాజ్ఞచే పుట్టునవి కావు, వెదకి గుర్తింపవలసినవి.

అంతకంటె విలువైనది షడ్దోషముల పట్టిక. కట్టనుండి నీరు ఊరుట, నేల చవిటిదగుట, రెండు రాజ్యముల సరిహద్దున చెరువుండుట, చెరువు నడుమ మిట్ట యుండుట, నీరు స్వల్పమై సాగుభూమి అధికమగుట, భూమి స్వల్పమై నీరు అధికమగుట అనునవి ఆరు దోషములు. సాగుభూమి పెరిగినచో రాజునకు పన్ను పెరుగును. అయినను నీటికి మించిన సాగును ఆ శాసనము అభివృద్ధి యనలేదు, దోషమన్నది. అపేక్షకు ప్రకృతి ఇచ్చిన మితిని ఒక రాజపుత్రుడు శిలపై చెక్కించుట సామాన్య విషయము కాదు.

నిర్మాణముతోనే ధర్మము ముగియదు. చెరువును కట్టించిన వారికి, మరమ్మతు చేయు వారికి దశబంధమను పేర ఆయకట్టులో భూమిని గాని ఫలభాగమును గాని ఇచ్చు ఆచారము ఉండెడిది. తూము తెరచి నీరు పంచుటకు గ్రామమున నీరుగంటి యుండెడివాడు. చెరువులోని పూడికమట్టి పొలములకు ఎరువయ్యెడిది. రక్షణకు వలసిన ధనము తటాకము యొక్క ఫలమునుండియే లభించుట ఈ వ్యవస్థలోని రహస్యము.

కాకతీయ సామ్రాజ్యము 1323లో అస్తమించినది, పాకాల చెరువు నేటికిని పొలములను తడుపుచున్నది. 1565 యుద్ధానంతరము విజయనగరము శిథిలమైనది, పోరుమామిళ్ల చెరువు నిలిచినది. కాని రాతికట్ట తనంత తాను నిలువదు. పోషణవ్యవస్థ సడలిన చోటులందు ఎన్నో చెరువులు పూడిపోయినవి, కట్టలు తెగినవి. రాజ్యముల విజయము నిర్మించిన వాని సంఖ్యలో లేదు, తరువాతి తరము కాపాడుకొనగలిగిన వానిలో ఉన్నది.

ఆధునిక లోకము ఈ సత్యమును ఆలస్యముగా పలికినది. దేశసంక్షేమమును జాతీయాదాయముతో మాత్రమే కొలువరాదని ఆర్థికశాస్త్రవేత్త సైమన్ కుజ్నెట్స్ 1934లో హెచ్చరించెను. భావితరముల అవసరములకు హాని కలుగని అభివృద్ధిని 1987లో బ్రంట్‌లాండ్ సంఘము నిర్వచించినది. 2015లో ఐక్యరాజ్యసమితి 17 లక్ష్యములను ప్రకటించినది. అయినను షడ్దోషములు తొలగలేదు. రాయలసీమలో బోరుబావులు ఏటేట లోతుకు దిగుచున్నవి, అనగా నీటికి మించిన సాగు. కృష్ణాజలములకై 1969లో ట్రైబ్యునల్ ఏర్పడినది, వివాదము నేటికిని తీరలేదు. సరిహద్దు దోషమును శాసనము ఏల పేర్కొన్నదో ఇది తెలుపుచున్నది.

చెరువు నిండి అలుగు పారినపుడు గంగమ్మకు పసుపుకుంకుమలు సమర్పించుట సీమలోని సదాచారము. ఆ చేతులే ఎండకాలమున పూడిక తీయు పనిలోను కలిసిననాడు పూర్తము పూర్తమగును.