పడవ అడుగు, కారు అడుగు

ఆలమూరులో నా మిత్రునికి తండ్రిగారి నాటి కారొకటి ఉన్నది. "అడుగుకు తారు పూయించనా?" అని అడిగినాడు.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తియై కాలువలలో పడవలు సాగిన మన సీమకు ఈ చింత కొత్తది కాదు. పడవ అడుగు చెడినచో సరంగు బ్రతుకే చెడును. 1761లో ఆంగ్లేయులు 'అలారం' అను యుద్ధనౌక అడుగున రాగిరేకులు తొడిగిరి. కొయ్యను తొలుచు పురుగు దరిచేరలేదు. కాని రెండేండ్లలో, రాగి తగిలిన ఇనుప మేకులను ఉప్పునీరు తినివేసినది! రాగిలో దోషము లేదు. ఇనుముతో పొత్తే కుదరలేదు.

కారు సంగతియు అంతే. తుప్పుమీద పూసిన తారు క్రమేణ బీటలు వారును. తేమ లోనికి దూరి, వెలికి రాక, చాటుగా రేకును తినును. ముందు తుప్పు గీకించి, ప్రైమరు వేయించి, ఆపైన మెత్తని మైనపు పూత వేయించి, ఏటేటా తొలకరికి ముందు చూచుకొనుట మేలంటిని.

మిత్రుడు నవ్వినాడు. తారు డబ్బా అప్పటికే కొన్నాడట.