కౌన్సిల్లో శెట్టి, తోళ్ల మూటతో పేరయ్య

కొత్తగూడెంలో మా అధ్యయన తరగతిలో గాజుల లక్ష్మీనర్సు శెట్టి పేరెత్తితే, బొగ్గుబాయి కార్మికుల ఇళ్లనుంచి వచ్చిన కుర్రాళ్లు సూటిగా అడిగారు: 'ఆయన కౌన్సిల్లో కూచుంటే మా తాతలకు ఏం ఒరిగింది?' తేలిగ్గా దాటేసే ప్రశ్న కాదది.

1806లో పుట్టిన ఈ మద్రాసు తెలుగు వర్తకుడు నీలిమందు, బట్టల వ్యాపారంలో బాగా గడించాడు. 1844లో 'క్రెసెంట్' పత్రిక పెట్టాడు. 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ స్థాపించి బ్రిటిష్ పార్లమెంటుకు అర్జీ పంపాడు. డాన్బీ సేమర్ అనే పార్లమెంటు సభ్యుడు వస్తే ఊళ్లు తిప్పి రైతుల గోడు చూపించాడు. శిస్తు కట్టలేనివాడి వేళ్లను 'కిట్టి'లో పెట్టి నొక్కేవాళ్లు, నడుం వంచి కట్టేసేవాళ్లు. ఈ చిత్రహింసల మీద 1854లో కమిషన్ పడింది, మరుసటేడు అవన్నీ నిజమేనని తేల్చింది. ఆయన చేసిన మేలు చిన్నది కాదు, ఒప్పుకుందాం. అయితే ఆ గోడు శిస్తు కట్టే రైతుది. ఆ రైతు పొలంలో పాలేరుగా బతికిన మాల, మాదిగల గోడు ఏ అర్జీకి ఎక్కింది?

బడి సంగతి ఇంకా చిక్కు. 1846లో ప్రభుత్వ బడుల్లో బైబిల్ పెట్టాలని గవర్నరు ట్వీడేల్ చూస్తే శెట్టి గట్టిగా అడ్డుపడ్డాడు. సర్కారు సొమ్ముతో మతం చెప్పొద్దనడం న్యాయమే. కానీ మిషనరీల మీద ఆయన చేసిన పోరును మన వాడల వైపునుంచి కూడా చూడాలి. మన పిల్లలకు అప్పట్లో తలుపు తీసింది దాదాపు ఆ మిషన్లే.

అదే కాలంలో ఒంగోలు ప్రాంతంలో ఇంకో వర్తకుడున్నాడు. మాదిగ ఎర్రగుంట్ల పేరయ్య. తోళ్లు కొని అమ్ముకునేవాడు. చరిత్ర ఆయన్ని వర్తకుడిగా కన్నా 'మతం మారినవాడు'గానే ఎక్కువగా గుర్తుపెట్టుకుంది! 1866లో ఆయన బాప్తిస్మం తీసుకుని తనవాళ్లను వెంట తెచ్చాడు. మాదిగలు వస్తే మేముండమని ఒంగోలు మిషన్ బడి నుంచి అగ్రవర్ణాలు తమ పిల్లల్ని మానిపించాయి. మిషనరీ క్లౌ మాదిగల్నే ఉంచుకున్నాడు. పన్నెండేళ్లకు, 1878 కరువు వేళ, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

శెట్టిని 1863లో గవర్నరు మద్రాసు శాసనమండలికి నియమించాడు. ఓట్లూ లేవు, ఎన్నికలూ లేవు. ప్రజల పనుల్లో ఆస్తి కరిగిపోయి 1868లో దాదాపు పేదవాడిగా పోయాడు. అదే మండలిలోకి ఎం.సి. రాజా అడుగుపెట్టడానికి ఆ తర్వాత మరో యాభై ఏళ్లు పట్టింది.