వెబ్‌కీ డేటాబేస్‌కీ నడుమ మూడు దశాబ్దాలు

తొలినాళ్ల వెబ్ పేజీలు ముందే రాసిపెట్టినవి. వాటికి డేటాబేస్‌తో పనే లేదు. 1993లో సీజీఐ వచ్చాక కథ మారింది. ప్రతి రిక్వెస్టుకూ సర్వర్ ఓ కొత్త ప్రోగ్రాం నడిపేది; అది డేటాబేస్‌కు కనెక్షన్ తెరిచి, పని చూసుకుని మూసేసేది. రద్దీ పెరిగేసరికి క్వెరీ కన్నా కనెక్షన్ తెరవడమే భారమైంది. పాస్‌వర్డ్ సరిచూడాలి, మెమొరీ కేటాయించాలి. పోస్ట్‌గ్రెస్‌లోనైతే కనెక్షన్‌కో ప్రాసెస్ పుట్టాలి.

తెరిచినదాన్ని మూయకుండా అట్టిపెట్టుకోవడం పీహెచ్‌పీ వాళ్లు పట్టిన దారి. అపాచీ ప్రాసెస్‌లు వందలుంటే కనెక్షన్లూ వందలే. మైఎస్‌క్యూఎల్ పరిమితి మామూలుగా 100 ఉండే ఆ రోజుల్లో 1040 నంబరు ఎర్రర్, అంటే ‘టూ మెనీ కనెక్షన్స్’, అందరికీ కంఠతా వచ్చేసింది. ఆ పరిమితి ఇప్పుడు 151.

జావా లోకం పూల్‌ను నమ్ముకుంది. అద్దె సైకిళ్ల కొట్టు పద్ధతి: తీసుకో, వాడుకో, తిరిగిచ్చెయ్. అందులోనూ రెండు జబ్బులు పుట్టాయి. ఎనిమిది గంటలు ఊరికే పడున్న కనెక్షన్‌ను మైఎస్‌క్యూఎల్ తెంచేస్తుంది; ఆ సంగతి పూల్‌కు తెలియదు. రాత్రంతా ఎవరూ రాని సైటు పొద్దున్న మొదటి రిక్వెస్టుకే చతికిలబడేది. రెండోది లీక్: మధ్యలో ఎర్రర్ వచ్చి కోడ్ బయటపడుతుంది, తీసుకున్న కనెక్షన్ తిరిగి రాదు. హికారీ అనే జావా పూల్‌లో మామూలుగా ఉండేవి పది. పదీ పోయాక వచ్చినవాడు 30 సెకన్లు కాచుకుని ఎర్రర్ చూస్తాడు. పూల్ సైజు పెంచితే లీక్ ఆగదు, బయటపడటం ఆలస్యమవుతుందంతే.

2013లో డాకర్ వచ్చాక ‘లోకల్‌హోస్ట్’ అంటే ఆ కంటైనరే అయింది; పక్క కంటైనర్‌లోని డేటాబేస్ కనబడదు. 2014 నాటి ఏడబ్ల్యూఎస్ లాంబ్డాతో సీజీఐ కాలపు తంటాయే మళ్లీ వచ్చింది: నడుస్తున్న ఫంక్షన్లు ఎన్నో, కనెక్షన్లు అన్ని. అందుకే స్కైప్ ఇంజనీర్లు 2007లో బయటపెట్టిన పీజీబౌన్సర్ వంటి మధ్యవర్తులకు గిరాకీ పెరిగింది. 2018లో మైఎస్‌క్యూఎల్ 8.0 పాస్‌వర్డ్ సరిచూసే పద్ధతిని మార్చింది. పాస్‌వర్డ్ సరైనదే అయినా పాత డ్రైవర్లు లోపలికి వెళ్లలేకపోయాయి.

సాధనాలు ఎన్ని మారినా వెతికే వరుస మారలేదు. ‘కనెక్షన్ రెఫ్యూజ్డ్’ అని వెంటనే వస్తే మిషన్ దాకా వెళ్లాం, పోర్టులో వినేవాడు లేడని సాధారణంగా అర్థం. ఉలుకూపలుకూ లేక టైమ్‌అవుట్ అయితే ముందు ఫైర్‌వాల్‌ను అనుమానించాలి. మైఎస్‌క్యూఎల్ 1045 నంబరు ఎర్రర్ ఇస్తే దారి బాగుంది, యూజర్ పేరో పాస్‌వర్డో చూసుకోవాలి. 1040 అయితే అన్నీ బాగున్నాయి, చోటే లేదు.

ఈ మూడు దశాబ్దాలూ అందరి చేతికీ మొదట అందిన మందు రీస్టార్ట్. అది పనిచేసేది చిక్కుకున్న కనెక్షన్లన్నిటినీ తెంచేస్తుంది కాబట్టే; వాటితోపాటు సాక్ష్యమూ పోతుంది. అందుకే ఆ బటన్ నొక్కేముందు మైఎస్‌క్యూఎల్‌లో ప్రాసెస్‌లిస్ట్, పోస్ట్‌గ్రెస్‌లో పీజీ స్టాట్ యాక్టివిటీ తీసి, ఏ కనెక్షన్ ఎంతసేపటి నుంచి ఏం పట్టుకుని కూర్చుందో రాసిపెట్టుకోవాలి.