కావలి సెటిల్‌మెంటు

నెల్లూరు జిల్లా కావలిలో నేరస్థ జాతుల చట్టం కింద అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపిన ఎరుకల నిర్బంధ నివాసం. పక్కనే బోగోలు ప్రాంతంలోని కప్పరాళ్లతిప్ప కూడా ఇలాంటి సెటిల్‌మెంటే.

ఎరుకలు తరతరాలుగా ఎద్దుల మీద, గాడిదల మీద కోస్తా ఉప్పును మెట్ట సీమలకు చేరవేసి ధాన్యానికి మార్చుకునేవారు. ఉప్పు సర్కారు గుప్పిట్లోకి పోయింది. ఆ తర్వాత రైలొచ్చింది. బేరం పోయి ఊళ్లు పట్టి తిరుగుతున్నవాళ్లకు పుట్టుదొంగలన్న ముద్ర పడింది. 1871లో ఉత్తరాదిన పుట్టిన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాజధానికీ వచ్చింది.

అలా ముద్రపడ్డ వాళ్లను బాగుచేసే బాధ్యతను సర్కారు మిషన్లకు అప్పగించింది. 1908లో గోరఖ్‌పూర్‌లో సాల్వేషన్ ఆర్మీ దారి చూపింది. 1913లో బాపట్ల దగ్గర అదే సంస్థ చేతిలో స్టువర్టుపురం వెలిసింది. ఆ ఊరి పేరు గవర్నరు కౌన్సిల్ సభ్యుడు హెరాల్డ్ స్టువర్టుది. కావలిలో శామ్యూల్ బాడెన్ అనే మిషనరీ చాలా ఏళ్లు మేనేజరుగా ఉన్నాడు.

లోపల బడి ఉంది, పని ఉంది, ప్రార్థన ఉంది. హాజరు పిలుపు కూడా ఉంది. పేరు రిజిస్టరులో, వేలిముద్ర పోలీసుల దగ్గర. పొలిమేర దాటాలంటే పాసు కావాలి. పాసు లేకుండా దొరికితే పోలీసే అక్కర్లేదు, గ్రామ మునసబో తలారో వారెంటు లేకుండా పట్టుకోవచ్చు. పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసి బడిలో పెట్టే అధికారాన్నీ చట్టమే ఇచ్చింది. ఫలానా జాతిని ఎందుకు నోటిఫై చేశారని కోర్టు అడగడానికి వీల్లేదు. మేనేజరు ఎంత దయాళువైనా ఈ కట్టడిలో మార్పు లేదు. కనుక ఇది ఒక పాదిరీ మంచిచెడ్డల కథ కాదు. తాళం మిషన్ చేతిలో ఉన్నా, దాన్ని వేయించింది సర్కారు.

మద్రాసులో 1947లో, దేశమంతటా 1952 ఆగస్టు 31న చట్టం రద్దయింది. దేశమంతటా రద్దవక ముందు దాన్ని పరిశీలించిన కమిటీకి మన తిరుచానూరు మనిషి, తర్వాత లోక్‌సభ స్పీకరైన మాడభూషి అనంతశయనం అయ్యంగారు అధ్యక్షుడు. రద్దు చట్టంలో పరిహారం ఊసు లేదు. దాని స్థానంలో అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి. మద్రాసుది 1948లో, ఆంధ్రప్రదేశ్‌ది 1962లో. ఈసారి చట్టంలో కులం పేరు లేదు. అయినా అనుమానం ఎవరి గుమ్మం తొక్కిందో అందరికీ తెలుసు. స్టువర్టుపురం పేరును సినిమాలు కూడా బాగానే వాడుకున్నాయి.

ఇతర దేశాల్లో ఇలాంటి లెక్కలు కొన్ని బయటికొచ్చాయి. మత సంస్థల బడుల్లో, ఆశ్రమాల్లో నలిగిన పిల్లలకు ఐర్లండ్ ప్రధాని బెర్టీ ఆహెర్న్ 1999లో క్షమాపణ చెప్పాడు. చర్చిలు నడిపిన ఆదివాసీ బడుల విషయంలో కెనడా ప్రధాని స్టీఫెన్ హార్పర్ 2008 జూన్ 11న పార్లమెంటులోనే చెప్పాడు. నడిపింది చర్చి అయినా, పిల్లల్ని పంపింది, డబ్బిచ్చింది, చూడనట్టున్నది ప్రభుత్వమన్నదే రెండుచోట్లా తేలిన సంగతి. ఆ కొలతతో చూస్తే కావలికీ మొదటి జవాబుదారీ సర్కారే.

2007లో ఐక్యరాజ్య సమితి జాతివివక్ష నిర్మూలన కమిటీ అలవాటు నేరస్థుల చట్టాన్ని ఎత్తెయ్యమని భారతదేశానికి సిఫారసు చేసింది. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు, జైలు మాన్యువళ్లలో విముక్త జాతులను, అంటే చట్టం రద్దుతో ఆ ముద్ర తొలగిన జాతులను, పుట్టుకతో నేరస్థులుగా చూసే నిబంధనలు రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది.